సార్వత్రిక విశ్వవిద్యాలయ పాఠం – తెలుగు శాస్త్రవచనం: ఒక చారిత్రక పరిశీలన

విశ్వవిద్యాలయాల చరిత్రను పరిశోధన పట్టాల సంఖ్యతోనూ, ఆచార్యుల కీర్తితోనూ, ప్రయోగశాలల ఫలితాలతోనూ కొలవడం పరిపాటి. ఈ కొలతలు పట్టుకొని వెళ్తే హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల తర్వాతనే చోటు దొరుకుతుంది. తెలుగు భాషాచరిత్రను చదివేవారికి మాత్రం ఆ సంస్థ మరో కారణంగా ముఖ్యమైనది. రోజువారీ తరగతి గది లేని, ఎదుట గురువు లేని పాఠకుడికి డిగ్రీ స్థాయి శాస్త్రాలను తెలుగు వచనంలో, అతడు తనంతట తాను అర్థం చేసుకోగలిగేలా చెప్పవలసిన బాధ్యత దాని మీద పడింది. ఆ బాధ్యతలోంచి పుట్టిన వచనాన్ని సాహిత్య చరిత్రకారులు పాఠ్యపుస్తకాల కింద జమకట్టి పక్కన పెట్టారు. భాషాశాస్త్రవేత్తలు పత్రికాభాష మీద చూపిన శ్రద్ధలో కొంతైనా దీని మీద చూపలేదు. ఆ వచనం ఎలా ఏర్పడిందో, అది సాధించినదేమిటో, నేడు దాని స్థితి ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోని ఊహ

ముందుగా పేరును గమనించాలి. ఇంగ్లీషులో ‘ఓపెన్’ అన్న మాటకు ‘తెరిచి ఉన్న’ అని అర్థం. ఈ తరహా విశ్వవిద్యాలయాలు వెలసినప్పుడు భారతీయ భాషలు ఆ మాటను పలు విధాలుగా అందుకున్నాయి. కోట, నలంద విశ్వవిద్యాలయాలకు హిందీలో ‘ఖులా’ అన్నారు. ఇందిరాగాంధీ జాతీయ విశ్వవిద్యాలయానికి ‘ముక్త’ అన్నారు. మరాఠీ, కన్నడ భాషలూ ‘ముక్త’ శబ్దాన్నే స్వీకరించాయి. తమిళం ‘తిఱందనిలై’ అన్నది. ఇవన్నీ తలుపును దృష్టిలో పెట్టుకొన్న మాటలే: మూసి ఉన్నదాన్ని తెరవడం, బంధించి ఉన్నదాన్ని విడిపించడం. తెలుగులో మాత్రం ‘సార్వత్రిక’ శబ్దం స్థిరపడింది. ‘సర్వత్ర’ అంటే అన్ని చోట్ల. తలుపు తెరిచి రమ్మనడానికీ, అన్ని చోట్లా ఉండడానికీ నడుమ చిన్న భేదం లేదు. మొదటిదానిలో విద్యార్థి నడిచి రావాలి. రెండోదానిలో విశ్వవిద్యాలయమే నడిచి పోవాలి. ‘సార్వత్రిక ఎన్నికలు’ అన్న ప్రయోగం ప్రజల నోట అప్పటికే నలిగి ఉండడం వల్ల ఈ మాటకు ఓటుహక్కుతో ఒక అంతర్లీన సంబంధం కూడా ఏర్పడింది. వయోజనులందరికీ ఓటు ఉన్నట్టే వయోజనులందరికీ చదువు ఉండాలన్న ధ్వని తెలుగువాడికి ఆ పేరులోనే వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని ఎంచినవారు ఇంత ఆలోచించారో లేదో గాని, పేరు మాత్రం సంస్థ స్వభావాన్ని మూలపదం కంటే బాగా పట్టుకొన్నది.

పూర్వరంగం

తెలుగులో శాస్త్రాలు చెప్పాలన్న ప్రయత్నం 1982లో మొదలైనది కాదు. కొమర్రాజు వేంకటలక్ష్మణరావు ప్రభృతులు 1906లో ఇదే హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, ప్రకృతిశాస్త్రాలు, జీవిత చరిత్రలు సామాన్య పాఠకులకు చేర్చడం ఆ మండలి ఆశయం. కార్యస్థానం తర్వాత మద్రాసుకు మారింది. మండలి పాఠకుడు చందా కట్టి పుస్తకం తెప్పించుకొనే విద్యావంతుడు. అతనికి పరీక్ష లేదు, పట్టా లేదు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పవచ్చునని, అందుకు అనువాద శాఖ, పరిభాష, పాఠ్యగ్రంథాలు సమకూర్చుకోవచ్చునని దేశానికి చూపించినది హైదరాబాదే. అయితే ఆ భాష ఉర్దూ. తెలంగాణలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు. దేశభాషా మాధ్యమానికి మార్గదర్శకమైన నగరంలోనే తెలుగు బోధన మాధ్యమం కావడానికి మరో అర్ధశతాబ్ది పట్టింది. 1966లో అధికార భాషా చట్టం, 1968లో తెలుగు అకాడమి వచ్చాయి. అకాడమి ఇంటర్మీడియెట్, డిగ్రీ స్థాయిలకు పాఠ్యపుస్తకాలు, పరిభాషా పదకోశాలు తయారుచేసింది. సార్వత్రిక విశ్వవిద్యాలయం తలపెట్టిన పనికి ఈ పదకోశాలే పునాది. ఈ రుణాన్ని తక్కువ చేయరాదు.

అకాడమి పుస్తకానికి ఒక సౌకర్యం ఉంది. దాన్ని తరగతిలో అధ్యాపకుడు విప్పి చెబుతాడు. పుస్తకం బిగువుగా ఉన్నా, సూత్రప్రాయంగా ఉన్నా నష్టం లేదు. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఆ దశాబ్దంలోనే మరికొన్ని చోట్ల ఉత్తర ప్రత్యుత్తర విద్య మొదలైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే అందుకు దారి వేసింది. అక్కడ విద్యార్థికి వెళ్లేది ప్రధానంగా తరగతి నోట్సుకు ప్రతిరూపం. కళాశాలకు వెళ్లదగిన అర్హత ఉండీ వెళ్లలేనివాడి కోసం ఆ ఏర్పాటు. అర్హతే లేనివాడి మాట ఎవరూ ఎత్తలేదు.

1982: స్థాపన

బ్రిటన్‌లో హెరాల్డ్ విల్సన్ 1963లో ప్రతిపాదించిన ‘వాయుతరంగాల విశ్వవిద్యాలయం’ 1969లో రాజశాసనం పొంది, 1971లో పాఠాలు మొదలుపెట్టింది. దాని నమూనా ఆంధ్రప్రదేశ్‌కు చేరడంలో ఇద్దరి పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. విద్యామంత్రిగా ఉండి 1982 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయిన భవనం వెంకట్రామ్ ఒకరు. రాష్ట్ర ప్రభుత్వ కోరికపై నివేదిక సిద్ధం చేసిన ఆచార్య జి. రాంరెడ్డి మరొకరు. భవనం ఆ పదవిలో ఉన్నది ఏడు నెలలే. ఆ కొద్ది కాలంలోనే చట్టం వచ్చింది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారతదేశంలో ఇది మొదటిది. ముఖ్యమంత్రులు తరచూ మారిన ఆ రోజుల్లో పదవీకాలం అంత తక్కువగా ఉన్న నాయకుడి పేర ఇంతకాలం నిలిచిన సంస్థ ఉండడం తెలుగు రాజకీయ చరిత్రలో అరుదైన విషయమే.

కరీంనగర్ జిల్లాలో పుట్టిన రాంరెడ్డి ప్రభుత్వ పాలనాశాస్త్ర ఆచార్యులు; పంచాయతీరాజ్ వ్యవస్థ మీద పరిశోధన చేసినవారు; అప్పటికే ఉస్మానియా ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. అధికారాన్ని గ్రామానికి పంపడం ఎలా అన్న ప్రశ్నతో పరిశోధన మొదలుపెట్టిన వ్యక్తి, చదువును గ్రామానికి పంపే సంస్థకు తొలి ఉపాధ్యక్షుడు కావడం కాకతాళీయం కాకపోవచ్చు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆయననే తొలి ఉపాధ్యక్షునిగా పిలిచారు. తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులయ్యారు, 1995లో కన్నుమూశారు. జూబ్లీహిల్స్‌లో విశ్వవిద్యాలయం ముందున్న దారికి నేడు ఆయన పేరే ఉంది. దేశవ్యాప్తంగా తర్వాత వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయాలకు హైదరాబాదు అనుభవం ఎంతగా ఉపకరించిందో ఈ ఒక్క జీవిత క్రమం నుంచే గ్రహించవచ్చు.

1981 జనగణన ప్రకారం రాష్ట్రంలో అక్షరాస్యత దాదాపు 30 శాతం. అటువంటి చోట ఇంటర్మీడియెట్ పట్టా లేకపోయినా, అసలు బడి ముఖమే చూడకపోయినా, 18 ఏళ్లు నిండి అర్హత పరీక్షలో నెగ్గినవారికి డిగ్రీలో ప్రవేశం ఇవ్వడమన్నది ఆనాటి విద్యారంగానికి మింగుడుపడని నిర్ణయం. కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు నెలకొల్పి, సెలవు రోజుల్లో సందేహ నివృత్తి తరగతులు పెట్టి, ఆకాశవాణి పాఠాలను జోడించి ఈ నిర్ణయాన్ని అమలులో పెట్టారు. తర్వాతి కాలంలో చర్లపల్లి కేంద్ర కారాగారంలో కూడా అధ్యయన కేంద్రం వెలిసింది. ‘సర్వత్ర’ శబ్దానికి అంతకంటే కఠినమైన పరీక్ష ఊహించలేము.

పాఠం అనే ప్రక్రియ

ఈ ప్రవేశ నిబంధనే భాషా సమస్యను తెచ్చిపెట్టింది. తరగతి మెట్లు ఎక్కకుండా వచ్చిన పాఠకుడికి పూర్వజ్ఞానం ఎంత ఉన్నదో రచయితకు తెలియదు. అతడు పగలంతా పనిచేసి రాత్రి చదువుతాడు. అర్థం కాకపోతే అడగడానికి ఆదివారం దాకా ఆగాలి. అందువల్ల వచనమే గురువు పని చేయాలి. ఈ అవసరం నుంచి స్వయంబోధన పాఠం ఒక నిర్దిష్ట రూపం పొందింది. పాఠ్యాంశం ఖండాలుగా, ఖండం భాగాలుగా విడిపోతుంది. ప్రతి భాగం మొదట ఈ పాఠం చదివాక పాఠకుడు ఏమి చేయగలగాలో చెబుతుంది, తర్వాత పరిచయం, తర్వాత చిన్న చిన్న శీర్షికల కింద విషయం, నడుమ నడుమ ఆగి, అంతవరకు చదివినది అర్థమైందో లేదో పాఠకుడే తేల్చుకొనేందుకు ప్రశ్నలు, జవాబు రాసుకోవడానికి ఖాళీ గీతలు, చివర సారాంశం, నమూనా జవాబులు, ముఖ్యపదాల వివరణ. రచన ఒక్కరిది కాదు. రచయితలు రాసినదాన్ని సంపాదకుడు సరిచేస్తాడు. పుస్తకం అట్ట మీద కర్తృనామం ఉండదు. పేర్లన్నీ లోపలి పుటలో ఉంటాయి.

ఈ చట్రం బ్రిటన్ నుంచి వచ్చిందన్నది నిజమే. చట్రంలో నింపిన వాక్యం మాత్రం ఇక్కడ తయారు కావలసి వచ్చింది. ఆ తేడాను చూపడానికి అర్థశాస్త్రం నుంచి ఒక సాధారణ విషయాన్ని రెండు రీతుల్లో చెప్పి చూడవచ్చు. పాత పాఠ్యపుస్తక ధోరణిలో అది ఇలా ఉంటుంది: ‘ఇతర పరిస్థితులు మారనప్పుడు ధర పెరిగినచో డిమాండు తగ్గును, దీనినే డిమాండు సూత్రమందురు.’ స్వయంబోధన ధోరణిలో ఇలా ఉంటుంది: ‘ఉల్లిగడ్డల ధర రెట్టింపయిందనుకోండి. మీరు నెలకు కొనే ఉల్లిగడ్డలు తగ్గుతాయా, పెరుగుతాయా? సాధారణంగా తగ్గుతాయి. అయితే అదే నెలలో మీ జీతం కూడా రెట్టింపయితే?’ ఈ వాక్యాలు ఉదాహరణకై కల్పించినవి. ఏ పాఠం నుంచీ తీసినవి కావు. వీటిలో గమనించవలసినవి మూడున్నాయి. పాఠకుడు ‘మీరు’గా వాక్యంలోకి వచ్చాడు. ‘అనుకోండి’ అన్న ఊహాసూచకం బోధకుడి నోటి మాట నుంచి అచ్చులోకి వచ్చింది. ‘ఇతర పరిస్థితులు మారనప్పుడు’ అన్న షరతు ముందుగా ప్రకటన రూపంలో రాకుండా, పాఠకుడికి కలగబోయే సందేహం రూపంలో వెనుకగా వచ్చింది.

మూడో లక్షణం తెలుగు పండితులకు కొత్తది కాదు. పూర్వపక్షం పెట్టి సిద్ధాంతం చెప్పడం, పాఠకుడి ఆక్షేపాన్ని ముందే ఊహించి సమాధానమివ్వడం సంస్కృతాంధ్ర వ్యాఖ్యాతల పద్ధతి. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశం అన్న వరుస కూడా పాఠకుడు ఒంటరిగా గ్రంథం ముందు కూర్చున్నాడన్న ఎరుకతో ఏర్పడినదే. ఈ రకంగా స్వయంబోధన పాఠానికి మన వ్యాఖ్యాన సంప్రదాయంతో బంధుత్వం ఉంది. పాఠ రచయితలు ఆ బంధుత్వాన్ని గుర్తించి వాడుకొని ఉంటే ఫలితం ఇంకా బాగుండేది. చాలామంది గుర్తించలేదు. అందుకే అన్ని పాఠాలూ ఒక్క తీరున లేవు. సాంఘిక శాస్త్రాల పాఠాల్లో వాక్యం సాఫీగా నడిచినంతగా విజ్ఞానశాస్త్ర పాఠాల్లో నడవదు. అవే పాఠాలు ఇంగ్లీషులోనూ ఉండడం వల్ల కొన్నిచోట్ల మూలం నీడ తెలుగు మీద దట్టంగా పడింది. ‘చేయబడుతుంది’, ‘పరిగణించబడుతుంది’ వంటి కర్మణి ప్రయోగాలు, నాలుగు విశేషణ వాక్యాలను మోసే దీర్ఘసమాసాలు పాఠకుణ్ణి నిలవేస్తాయి. ‘మీరు’ అని మొదటి పేరాలో పలకరించి, రెండో పేరా నుంచి ఆ పాఠకుణ్ణి మరచిపోయిన పాఠాలూ ఉన్నాయి.

పరిభాష

పరిభాష విషయంలో విశ్వవిద్యాలయం చాలావరకు తెలుగు అకాడమి బాటనే నడిచింది. ‘కిరణజన్య సంయోగక్రియ’, ‘ద్రవ్యోల్బణం’, ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’, ‘డిమాండు వ్యాకోచత్వం’ వంటి మాటలు ఆ మార్గానివి. వీటిలో కొన్ని నిలిచాయి. ద్రవ్యోల్బణం నేడు పత్రికల శీర్షికల్లో సహజంగా కనిపిస్తుంది. పాలనాశాస్త్రంలోని ‘ఉద్యోగిస్వామ్యం’ మంచి సృష్టి: ప్రజాస్వామ్యం అన్న మాట తెలిసినవాడికి, పాలన ఎవరి చేతిలో ఉందో ఆ మాటే చెబుతుంది. మూలంలో ఉన్న గ్రీకు, ఫ్రెంచి ధాతువులు తెలియని ఇంగ్లీషు విద్యార్థికి ఆ సౌలభ్యం లేదు. ‘క్షీణోపాంత’ వంటి సంధి మాత్రం విడదీసి చెప్పే గురువు లేనప్పుడు గోడ వంటిది. ‘తగ్గిపోయే’ అన్న భావమూ, ‘చివరి’ అన్న భావమూ వేరువేరుగా తెలిసినా, ఆ రెండూ కలిసిన రూపాన్ని పాఠకుడు మంత్రంలా వల్లెవేయవలసి వస్తుంది.

ఇక్కడ ఒక అవకాశం చేజారింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, ఆ వరుసలోనే వచ్చిన చేనేత తదితర పదకోశాలు రైతుల, నేతగాళ్ల నోట ఉన్న వేల మాటలను జిల్లాలవారీగా నమోదు చేశాయి. నేలల రకాలకు, నీటి పారుదలకు, పనిముట్లలోని భాగాలకు సూక్ష్మభేదాలతో మాటలున్నాయని అవి నిరూపించాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎవరికోసమని ఏర్పడిందో ఆ పాఠకుల సొంత మాటలవి. వృక్షశాస్త్ర, భౌతికశాస్త్ర పరిభాష నిర్మాణంలో వాటికి తగిన చోటు దక్కలేదు. సంస్కృత ధాతువు నుంచి తీసిన మాటకు ఉన్న గౌరవం నాగలి నుంచి తీసిన మాటకు విద్వత్సభల్లో ఇంకా రాలేదు.

కవి ఉపాధ్యక్షుడు, ఎదుటి కొండ మీది చలనచిత్ర రంగం

1985లో ఆచార్య సి. నారాయణరెడ్డి ఈ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. 1989లో తెలుగు విశ్వవిద్యాలయానికి వెళ్లేవరకు అక్కడే ఉన్నారు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆ కాలంలోనిదే. ఆయన విద్యాభ్యాసం చాలావరకు ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలను, ప్రయోగాలను గురించి ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం తెలుగు శాఖల్లో నేటికీ ప్రామాణికం. పరభాషా మాధ్యమంలో చదివి మాతృభాషలో ఆచార్యుడైన వ్యక్తి ఆ పీఠం మీద కూర్చోవడం ఉస్మానియా చరిత్రకూ, సార్వత్రిక విశ్వవిద్యాలయ చరిత్రకూ నడుమ వంతెన వంటిది.

మరో సంబంధం ఉంది. 1962లో విడుదలైన గులేబకావళి కథ నుంచి ఆయన చలనచిత్ర గేయరచయిత. మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాదుకు తరలి వస్తున్న దశాబ్దాలవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను ఈ గుట్టల మీదనే ప్రారంభించారు. తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, చలనచిత్ర వాణిజ్యమండలి, కళాకారుల, సాంకేతికుల నివాసాలు కలిసి ఫిల్మ్ నగర్ ఏర్పడింది. ఆ బండరాళ్ల నడుమనే విశ్వవిద్యాలయ ప్రాంగణమూ వెలిసింది. ఒకే కొండ మీద తెలుగును దూరప్రాంతాలకు పంపే సంస్థలు రెండు తరహాలవి చేరాయి. రెండింటికీ ఎదుట శ్రోత కనిపించడు. రెండూ ఒక ప్రామాణిక భాషను ఎంచుకోక తప్పదు. సినిమా సంభాషణ చాలాకాలం కోస్తా విద్యావంతుల వాడుకను ప్రమాణంగా పెట్టుకొని, తెలంగాణ మాటను హాస్యానికో ప్రతినాయకుడికో కేటాయించిందన్న విమర్శ సుప్రసిద్ధం. పాఠ్యరచన ఆ పని చేయలేదు. అందులో మాండలికం హేళనకు గురి కాలేదు. అసలు లోపలికే రాలేదు. ఉల్లిగడ్డా ఉల్లిపాయా అన్న ఎంపికలో కూడా పాఠం ఒక వైపు మొగ్గక తప్పదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఒకే పాఠం చదివిన కాలంలో ఆ మొగ్గు ఎటువైపు ఉందో పదజాల పరిశీలనతో తేల్చవలసి ఉంది.

రాష్ట్ర విద్యావిధానంలో సినిమాకు ఇంతకంటే ప్రత్యక్షమైన జోక్యం కూడా ఉంది. 1983లో ముఖ్యమంత్రి అయిన నందమూరి తారకరామారావు 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఒకటి తెలుగును అధ్యయన విషయంగా, మరొకటి అధ్యయన మాధ్యమంగా చేపట్టాయి. రెండింటి నడుమ పని పంచుకొనే ఏర్పాటు బలపడి ఉంటే పాఠ్యభాషకు ఒక పరిశోధన కేంద్రం దొరికేది.

అంబేడ్కర్ పేరు

అంబేడ్కర్ శతజయంతి నేపథ్యంలో 1991లో విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. పేరు మార్పులు తెలుగునాట అనేకం. వాటిలో చాలావాటికి సంస్థ పనితో సంబంధం ఉండదు. ఇక్కడ ఉంది. అంబేడ్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, మరుసటి సంవత్సరం బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను స్థాపించారు. ఉద్యోగం చేస్తూ చదువుకొనేవారికి వీలుగా అక్కడ ఉదయపు తరగతులు నడిపారు. పని మానుకొని చదవగల స్తోమత లేనివాడి కోసం వేళలు మార్చిన కళాశాల అది. వేళనూ చోటునూ రెండింటినీ మార్చిన విశ్వవిద్యాలయానికి ఆ పేరు తగినదే.

నమోదు కాని పాఠకులు

ఈ విశ్వవిద్యాలయ పాఠాల సామాజిక ప్రయోజనాన్ని ప్రవేశాల సంఖ్యతో మాత్రమే లెక్కించలేము. పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్ పరీక్షలకు తయారయ్యే అభ్యర్థులు మూడు దశాబ్దాలకు పైగా తెలుగు అకాడమి పుస్తకాలతో పాటు వీటిని ఆశ్రయిస్తున్నారు. కోఠి, అశోక్‌నగర్ పుస్తక దుకాణాల్లో, ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద ఈ ఖండాలకు ఉండే గిరాకీ అందరూ ఎరిగినదే. చరిత్ర, అర్థశాస్త్రం, పాలనాశాస్త్రం పాఠాలను గ్రామీణ యువత జిరాక్సు ప్రతుల రూపంలో చదువుకొన్నది. తెలుగులో పరీక్ష రాసి ప్రభుత్వోద్యోగులైనవారి కార్యాలయ భాష మీద ఈ వచనం ముద్ర ఎంతో పరిశీలించవలసిన విషయం. ‘తదనుగుణంగా’, ‘దృష్ట్యా’, ‘నేపథ్యంలో’ అన్న సంధానపదాలతో వాదాన్ని నడిపే తీరు కొంత పత్రికల నుంచి, కొంత ఈ పాఠాల నుంచి వచ్చిందని భావించడానికి అవకాశముంది. ఇంగ్లీషు రాని పాఠకుడికి రాజ్యాంగం, ప్రణాళికలు, పంచాయతీ చట్టం తర్కబద్ధంగా అర్థమయ్యేలా చెప్పిన వచనం తెలుగులో వేరే ఎంత ఉన్నదో చూసుకొంటే దీని విలువ తెలుస్తుంది.

నేటి స్థితి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021–22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్నే అమలు చేస్తామని ప్రకటించింది. తెలంగాణలోనూ తెలుగు మాధ్యమ డిగ్రీ తరగతులు ఏటేటా పలచబడుతున్నాయి. తల్లిదండ్రుల కోరికను, ఉద్యోగాల విపణిని కాదనడం సులువు కాదు. ఇంగ్లీషు రాకపోవడం వల్ల కలిగే నష్టాన్ని తెలుగు మాధ్యమంలో చదివిన పేద విద్యార్థే మొదట అనుభవించాడు. ఈ వాదంలోని న్యాయాన్ని ఒప్పుకొన్నప్పుడు కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. కళాశాలలు విడిచిపెట్టిన తర్వాత డిగ్రీ స్థాయి శాస్త్రాలను తెలుగులో రాయించే, సరిదిద్దించే, కొత్త పరిజ్ఞానంతో తిరగరాయించే సంస్థలు ఎన్ని మిగులుతాయి? తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మాధ్యమాల్లో డిగ్రీ పాఠాలు అందించే సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ కొద్దిలో ఒకటి. అక్కడ కూడా తెలుగు పాఠం ఇంగ్లీషు పాఠానికి అనువాదంగా మిగిలిపోతే, పరిభాషతో పాటు వాక్యం కూడా ఎరువు తెచ్చుకొన్నదే అవుతుంది.

2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పదో షెడ్యూలులో చేరిన సంస్థల్లో ఈ విశ్వవిద్యాలయమూ ఒకటి. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఆస్తులు, ఉద్యోగుల పంపిణీ గురించి రెండు ప్రభుత్వాలూ లెక్కలు వేసుకొన్నాయి. ఉమ్మడి రాష్ట్రపు అధ్యాపకులు కలిసి రాసిన పాఠాలు ఏ షెడ్యూలులోనూ ఆస్తిగా కనిపించవు.

పాఠ్యప్రణాళిక మారినప్పుడల్లా పాత పాఠం చలామణి నుంచి తప్పుకొంటుంది. గ్రంథాలయాలు సాధారణంగా వీటిని పుస్తకాలుగా ఎంచి భద్రపరచవు. చదువు పూర్తయిన విద్యార్థి తూకానికి అమ్మేస్తాడు. తొలి ముద్రణల లోపలి పుటల్లో ఉన్న రచయితల, సంపాదకుల పేర్ల నుంచి ఏ శాస్త్రపు తెలుగును ఏ ప్రాంతపు అధ్యాపకులు తీర్చారో పట్టిక వేయవచ్చు. ఒకే పాఠ్యాంశానికి 1980లలో రాసిన పాఠాన్ని, రాష్ట్ర విభజన తర్వాత రాసిన పాఠాన్ని పక్కపక్కన పెట్టి సంబోధన, క్రియారూపాలు, పరిభాష, ఉదాహరణలు ఎలా మారాయో చూడవచ్చు. రెండు ముద్రణల ప్రతులూ దొరుకుతున్నంత వరకే ఆ పని సాధ్యం.